అనుమతి వార్తతో పాటే రావాలి: ప్రచురణకర్తలకు ఒక బహిరంగ లేఖ

వార్తాసంస్థల ప్రచురణకర్తలకు, సంపాదకులకు, అనుమతుల విభాగాల్లో పనిచేస్తున్నవారికి,

నమస్కారం.

మీరు రాత్రంతా మేలుకొని సిద్ధం చేసిన వార్తలను తెల్లవారకముందే చదివేవారిలో నేనూ ఒకరిని. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. రోజూ పొద్దున్నే ఇరవై, ఇరవై అయిదు వార్తలు ఎంచుకుని, ఒక్కోదానికి రెండు మూడు వాక్యాల సారాంశం సొంత మాటల్లో రాసి, అసలు కథనానికి లింకు ఇచ్చి, మా సభ్యులకు ఈమెయిల్‌లో పంపుతాను. దానికి రుసుము లేదు, అందులో ప్రకటనలు లేవు. అందుకునేవారిలో చూపు లేనివారు కొందరున్నారు. వాళ్ల ఫోను ఆ అక్షరాలను చదివి వినిపిస్తుంటే వింటారు. తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఈ తొమ్మిదేళ్లలో "దీన్ని పంపవచ్చా, పంపకూడదా?" అని ఆగి ఆలోచించని రోజు ఒక్కటీ లేదు.

ఆ సందేహానికి కారణం మీ పేజీలే. కథనం పైన "షేర్ చేయండి" అంటూ వరుసగా బొత్తాలుంటాయి. అదే పేజీ అట్టడుగున "సర్వహక్కులూ మావి. రాతపూర్వక అనుమతి లేకుండా ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ ఉపయోగించరాదు" అని ఉంటుంది. పైన రమ్మని పిలిచి, కింద తలుపు వేసినట్టు ఉంటుంది. ఈ రెండింటికీ పొంతన ఉందని నాకు తెలుసు. బొత్తాం పంపేది లింకును, శీర్షికను, ఒక చిన్న బొమ్మను. కింది హెచ్చరిక కథనం మొత్తాన్ని ఎత్తి మరోచోట పెట్టడం గురించి. కానీ ఆ తేడాను పాఠకుడికి ఎవరు చెప్పారు? అతనికి రెండూ "పంచుకోవడమే". ఒకరు లింకు పంపడానికి కూడా భయపడి మానేస్తారు. మరొకరు కథనం మొత్తం నకలు చేసి, విలేఖరి పేరు కూడా తీసేసి, వందల మందికి పంపి, తాను చేసింది తప్పని ఎరగరు. మీరు రాసిన ఆ ఒక్క వాక్యం మొదటివారిని ఆపుతోంది, రెండోవారిని ఆపడం లేదు.

ఒక అనుభవం చెబుతాను. పింఛను నిబంధనల్లో వచ్చిన మార్పుల మీద ఒక సంస్థ చక్కని కథనం ప్రచురించింది. ఎవరికి ఎంత వస్తుంది, ఏ పత్రం జతచేయాలి, ఏ తేదీలోగా దరఖాస్తు పెట్టుకోవాలి అన్నవి ఉదాహరణలతో విడమరిచి చెప్పింది. అది మూడు వాక్యాల సారాంశానికి లొంగేది కాదు. మా సభ్యుల్లో పెద్దవయసువారు చాలామంది ఉన్నారు కాబట్టి, పూర్తి పాఠం పంపుదామని అనుమతి కోసం ఆ సంస్థ సైట్‌లోని దరఖాస్తు తెరిచాను. మొదటి ప్రశ్న: ఎన్ని ప్రతులు ముద్రిస్తారు? రెండోది: కాగితం కొలత ఎంత? మూడోది: పుటలో పావు వంతా, సగమా, పూర్తి పుటా? ఈమెయిల్ అన్న మాట ఆ దరఖాస్తులో ఎక్కడా లేదు. ముద్రించేది ఏమీ లేదు కాబట్టి ప్రతుల సంఖ్య సున్నా అని రాశాను. ఒకటికి తక్కువ ఉండకూడదని తిప్పికొట్టింది. ఒకటి అని రాసి, కింద వివరణ గడిలో అసలు సంగతి చెప్పాను. నలభై ఒక్క రోజుల తర్వాత జవాబు వచ్చింది. ఒక ప్రతి ముద్రణకు అనుమతి మంజూరైంది. కథనంలో చెప్పిన గడువు అప్పటికి దాటిపోయి తొమ్మిది రోజులు. ఆ విభాగంలో ఉన్నవారిని నేను తప్పుపట్టడం లేదు. కాగితం కాలంలో తయారైన దరఖాస్తును వాళ్ల చేతిలో పెట్టి, మార్చే అధికారం మాత్రం ఇవ్వలేదని అర్థమైంది.

చట్టం నా వైపు ఎంత ఉందో, మీ వైపు ఎంత ఉందో నేను చదువుకున్నాను. రచయితల హక్కుల మీద దేశాల మధ్య 1886లో మొదలైన బెర్న్ ఒప్పందం ఆనాటి వార్తలకు, కేవలం సమాచారంగా ఉండే సంగతులకు తన రక్షణ వర్తించదని స్పష్టంగా చెబుతుంది. అంటే వంతెన కూలిందన్న సంగతి ఎవరి సొత్తూ కాదు. ఆ కూలిన వంతెన దగ్గర నిలబడి మీ విలేఖరి రాసిన వాక్యాలు మాత్రం మీవి. అదే ఒప్పందం ప్రచురితమైన రచనల నుంచి సముచితమైన మేరకు ఉదహరించుకునే వెసులుబాటు ఇస్తూ, పత్రికల్లోని కథనాల సారాంశాలను పేరెత్తి మరీ ప్రస్తావించింది. ఎక్కడి నుంచి తీసుకున్నామో, ఎవరు రాశారో చెప్పాలన్నది షరతు. న్యాయమైన షరతు. మరో అధికరణం వర్తమాన ఆర్థిక, రాజకీయ వ్యవహారాల మీద వచ్చిన వ్యాసాలను ఇతర పత్రికలు పునఃప్రచురించుకునేలా దేశాలు చట్టం చేసుకోవచ్చంటుంది. అయితే హక్కు తమదేనని ప్రచురణకర్త స్పష్టంగా ప్రకటించుకుంటే అది కుదరదు. మీరు ప్రతి పేజీ కిందా ఆ వాక్యాన్ని అలవాటుగా అతికించేసరికి ఆ దారి మొత్తంగా మూసుకుపోతోంది. ఏ కథనానికి అది నిజంగా అవసరమో ఆలోచించి పెట్టినది కాదు కదా అది.

సంగతి అందరిదీ, మాట రచయితది అన్న గీత వినడానికి తేలికే. ఆచరణలోకి వచ్చేసరికి చిక్కుపడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఇంటర్నేషనల్ న్యూస్ సర్వీస్ అనే వార్తాసంస్థ, తన పోటీదారు అసోసియేటెడ్ ప్రెస్ వార్తలను ప్రకటన బోర్డుల మీదా తూర్పు తీరపు తొలి ముద్రణల్లోనూ చూసి, తన పత్రికలకు తంతి ద్వారా పంపించింది. 1918లో అమెరికా సుప్రీంకోర్టు సంగతుల మీద కాపీరైట్ లేదంటూనే, ఒకరు విత్తిన పంటను పోటీదారు కోసుకుపోవడం అన్యాయమని తీర్పు చెప్పింది. న్యాయమూర్తి బ్రాండైస్ విభేదించారు. ఒకసారి లోకానికి చెప్పాక తెలిసిన సత్యం గాలిలాగా అందరిదీ అన్నది ఆయన వాదన. తొంభై ఏళ్ల తర్వాత, 2009లో, డెన్మార్క్‌కు చెందిన ఇన్ఫోపాక్ అనే వార్తా పరిశీలన సంస్థ వ్యవహారంలో ఐరోపా న్యాయస్థానం, పదకొండు పదాల ముక్కలో కూడా రచయిత సొంత సృజన కనిపిస్తే అది రక్షణకు అర్హం కావచ్చని చెప్పింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని రోజూ సారాంశాలు రాసే మనిషి పరిస్థితి ఊహించండి. నేను పన్నెండో పదం దగ్గర ఆగి ఆలోచించిన రోజులున్నాయి. అందుకే శీర్షికలు కూడా సొంతంగానే పెట్టుకుంటాను. మీ శీర్షికలు నావాటికంటే ఎంతో బాగుంటాయి, అయినా సరే.

మీ నుంచి ఉచితంగా అన్నీ కావాలని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. విలేఖరిని ఒక చోటికి పంపాలంటే ఖర్చు. ఒక పత్రాన్ని బయటికి తీయాలంటే నెలల శ్రమ. పరువునష్టం దావా వస్తే లాయరు ఫీజు. ఇవన్నీ మీరు భరిస్తుంటే, చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకున్నట్టు మీ కథనాల ముక్కలతో వ్యాపారం చేసుకునేవారు మీకు డబ్బు కట్టాలి. 2013లో అసోసియేటెడ్ ప్రెస్, వార్తల ముక్కలు ఏరి ఇచ్చే సంస్థ అయిన మెల్ట్‌వాటర్ వ్యాజ్యంలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు చెప్పింది అదే. కథనాల్లోంచి ముక్కలు తీసి, చందాదారులకు అమ్ముకోవడం సముచిత వినియోగం (అనుమతి లేకుండానే చట్టం ఒప్పుకునే వాడకం) కిందికి రాదంది. ఆ తీర్పు చదివి సంతోషించాను. మెల్ట్‌వాటర్‌కూ మా గ్రంథాలయానికీ తేడా మీ లైసెన్సు భాషలో ఎందుకు కనిపించడం లేదన్నదే నా ప్రశ్న.

ఇంతకంటే నన్ను బాధపెట్టే విషయం ఇంకొకటుంది. ఒకసారి ఒక మందు వాడకం గురించిన కథనం పూర్తి పాఠాన్ని పంపడానికి అనుమతి దొరికింది. షరతు ఒక్కటే: ఒక్క అక్షరం కూడా మార్చరాదు. ఒప్పుకున్నాం. ఉదయం ఆరున్నరకు పంపాం. పదకొండు గంటలకు ఆ సంస్థ తన పేజీలో మోతాదును సరిదిద్దింది. "రోజుకు రెండుసార్లు" అన్నది "రెండు రోజులకు ఒకసారి" అయింది. కథనం చివర చిన్న అక్షరాల్లో సవరణ గమనిక పెట్టారు. మాకు ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఒక సభ్యురాలు ఫోను చేసి, "మీరు పంపినదానికీ వాళ్ల సైట్‌లో ఉన్నదానికీ తేడా ఉందేమిటండీ?" అని అడిగారు. నా చేతులు చల్లబడ్డాయి. సవరించిన పాఠం పంపవచ్చా అని వెంటనే ఆ సంస్థకు రాశాను. పాఠం మారింది కాబట్టి కొత్త దరఖాస్తు పెట్టుకోమని మూడు రోజుల తర్వాత జవాబొచ్చింది. నేను ఆ మూడు రోజులు ఆగలేదు. ఆ సాయంత్రమే సవరణను అందరికీ పంపాను, తర్వాత ఒక్కొక్కరికీ ఫోను చేశాను. మళ్లీ అలాంటిది జరిగితే మళ్లీ పంపుతాను.

మార్చరాదన్న షరతు ఎందుకు పెడతారో నాకు తెలుసు. మీ మాటను వక్రీకరించి, మీ పేరుతోనే తిప్పేవారు ఉన్నారు. కానీ కాగితం మీద అచ్చయిన వార్త ఒక్కసారే అచ్చవుతుంది. తెర మీది వార్త రోజుకు నాలుగుసార్లు మారుతుంది. నకలు తీసుకున్నవాడి దగ్గర పాత తప్పు గడ్డకట్టిపోయి, అసలు పేజీలో మాత్రం ఒప్పు ఉంటే, పునఃపంపిణీ షరతులు నిజానికి తప్పునే కాపాడుతున్నాయి. లైసెన్సు ఇచ్చేటప్పుడే "సవరణ వచ్చిన వెంటనే అదే పాఠాన్ని మీరూ మార్చాలి, పాఠకులకు చెప్పాలి" అని రాయండి. దాన్ని హక్కుగా కాదు, బాధ్యతగా పెట్టండి. సంతోషంగా సంతకం చేస్తాం. సవరణల కోసం విడిగా ఒక ఫీడ్ (కొత్తది వచ్చినప్పుడల్లా దానంతటదే అందే జాబితా) ఇవ్వండి. కొత్త వార్తల ఫీడ్ ఎప్పటినుంచో ఇస్తున్న సంస్థలకు ఇది పెద్ద పని కాదు.

ఫొటోల సంగతి కూడా చెప్పాలి. ఒక కథనానికి అనుమతి తీసుకుని, పేజీలో ఉన్నట్టే ఫొటోతో సహా పంపాం. అనుమతి పత్రంలో "ఈ కథనం" అని మాత్రమే ఉంది. ఫొటో వేరే ఏజెన్సీదని కొన్ని నెలల తర్వాత వచ్చిన నోటీసు చూశాకే తెలిసింది. డబ్బు కట్టాం. ఆ ఫొటోగ్రాఫరు శ్రమకు డబ్బు అందడం న్యాయమే. మీ దగ్గర లేని హక్కును మీరు ఇస్తున్నట్టు కనిపించే పత్రం మాకివ్వడమే న్యాయం కాదు. ఫొటో ఎవరిదో, ఎవరిని అడగాలో చెప్పే వివరాలను ఫైలులోనే పొందుపరిచే పద్ధతిని ఐపీటీసీ అనే అంతర్జాతీయ సంస్థ ఎప్పుడో స్థిరపరిచింది. ఏజెన్సీ ఆ వివరాలు నింపి పంపుతుంది. ఆ ఫొటో సైట్‌లోకి ఎక్కేటప్పుడు సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్ వాటిని చెరిపేస్తూ ఉంటుంది. ఈ ఒక్క లోపం సరిచేయమని మీ సాంకేతిక విభాగానికి చెప్పండి.

రచయితల విషయం కూడా ఇలాంటిదే. 2001లో టాసినీ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు, ఫ్రీలాన్స్ రచయితలు పత్రికకు ఇచ్చిన వ్యాసాలను వారి అనుమతి లేకుండా ఎలక్ట్రానిక్ డేటాబేసుల్లో చేర్చడం కుదరదని చెప్పింది. తీర్పు సరైనదే. దాని తర్వాత జరిగిందే విచారకరం. ఆ రచయితలతో మాట్లాడి డబ్బిచ్చే బదులు చాలా వ్యాసాలను డేటాబేసుల నుంచి తీసేశారు. గ్రంథాలయాల్లో పాత పత్రికల సంచికలు వెతికేవారికి అక్కడ ఖాళీలు ఎదురయ్యాయి. అనుమతి ముందుగా, స్పష్టంగా రాసుకోకపోతే ఎవరికి నష్టమో అది చూపించింది. రచయిత డబ్బు పోయింది, పాఠకుడి జ్ఞాపకం పోయింది. కాబట్టి నాకు లైసెన్సు ఇచ్చేముందు మీ విలేఖరితో, మీ ఫ్రీలాన్సరుతో మీ లెక్క తేల్చుకోండి. నేను కట్టే డబ్బులో వాళ్ల వాటా ఉందో లేదో నాకు తెలియాలి. 2019లో ఐరోపా సమాఖ్య తెచ్చిన కాపీరైట్ ఆదేశం పత్రికా ప్రచురణకర్తలకు రెండేళ్లపాటు ప్రత్యేక హక్కు ఇస్తూనే, ఆదాయంలో రచయితలకు తగిన వాటా ఉండాలని రాసింది. లింకులకూ, చాలా చిన్న ముక్కలకూ, మామూలు పాఠకుల సొంత వినియోగానికీ ఆ హక్కు వర్తించదని కూడా అందులోనే ఉంది. మీరు ఆ ఆదేశాన్ని ఉటంకించేటప్పుడు మొదటి సగం మాత్రమే ఉటంకించడం చూశాను. రెండో సగం కూడా చట్టమే.

పెద్ద సాంకేతిక సంస్థలతో మీకున్న తగవులో నేను మీ వైపే ఉన్నాను. కానీ ఆ తగవు వల్ల పాఠకుడికి ఏమవుతుందో చూడండి. స్పెయిన్‌లో 2014లో వార్తల ముక్కలు చూపే సైట్లు ప్రచురణకర్తలకు రుసుము కట్టడం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. ప్రచురణకర్త వద్దనుకున్నా ఆ హక్కును వదులుకునే వీలు లేదు. ఆ డిసెంబరులోనే గూగుల్ న్యూస్ అక్కడ మూతపడింది. మళ్లీ తెరుచుకున్నది 2022లో. కెనడాలో వార్తలకు వేదికలు డబ్బు కట్టాలన్న 2023 చట్టం తర్వాత ఫేస్‌బుక్ యజమాని మెటా అక్కడ తన వేదికల మీద వార్తలనే ఆపేసింది. ఇక ఇప్పుడు కృత్రిమ మేధ. 2023 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్, తన కథనాలను కృత్రిమ మేధ శిక్షణకు వాడుకున్నారంటూ ఓపెన్‌ఏఐ మీదా మైక్రోసాఫ్ట్ మీదా దావా వేసినప్పటి నుంచి నేను చదివే సంస్థల షరతుల పేజీలు పొడవెక్కాయి. "స్వయంచాలిత పద్ధతిలో ఏ రకమైన సేకరణా చేయరాదు" అని కొత్త వాక్యాలు చేరాయి. లక్షల కథనాలను ఊడ్చుకుపోయే యంత్రాలను ఆపాలన్న మీ ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ మా సభ్యురాలి ఫోనులో అక్షరాలను చదివి వినిపించేది కూడా స్వయంచాలిత సాఫ్ట్‌వేరే. ఆ వాక్యం రాసినవారి మనసులో ఆమె లేదు. వాక్యంలో మాత్రం ఆమె చిక్కుకుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్టయింది.

1994లో మొదలై, 2022లో అధికారిక ప్రమాణంగా మారిన రోబోట్స్ ఫైలు మీద మీలో చాలామంది ఆధారపడుతున్నారు. అది ఏ యంత్రం సైట్‌లోని ఏ దారిలోకి రావచ్చో మాత్రమే చెబుతుంది. లోపలికి వచ్చాక చదివినదాన్ని ఏం చేసుకోవచ్చో చెప్పదు. సారాంశం రాసుకోవచ్చా, కృత్రిమ మేధ శిక్షణకు వాడవచ్చా, గ్రంథాలయంలో భద్రపరచవచ్చా అన్న ప్రశ్నలకు దానిలో చోటే లేదు. అందుకే కథనం మీదనే షరతులు రాయమని అడుగుతున్నాను. మనుషులు చదివే భాషలో రెండు మూడు వాక్యాలు చాలు: ఇది మా విలేఖరి రాసినది, లింకుతో సారాంశం ఎవరైనా పంపవచ్చు, పూర్తి పాఠానికి ఇక్కడ అడగండి, ఫొటో ఫలానా వారిది. అదే సంగతి యంత్రాలు చదివే రూపంలో పేజీ లోపల పెట్టడానికి స్కీమా డాట్ ఆర్గ్ పదజాలంలో లైసెన్సుకూ, హక్కుదారుకూ, సవరణకూ విడివిడిగా చోట్లు సిద్ధంగా ఉన్నాయి. వార్తాసంస్థల మధ్య మరింత వివరమైన షరతుల కోసం ఐపీటీసీ వారి రైట్స్‌ఎమ్‌ఎల్ ఉంది. ఇవి నింపడానికి మీకు కొత్త చట్టం అక్కర్లేదు.

ఇది జరగని పని అనకండి. చేస్తున్నవారున్నారు. అమెరికా వార్తాసంస్థ ప్రోపబ్లికా తన పరిశోధనాత్మక కథనాలను షరతుల మీద ఎవరైనా పునఃప్రచురించుకోవచ్చని ఏళ్ల తరబడి చెబుతోంది. ఫొటోలు వేరే సంగతి అని కూడా అక్కడే రాసి ఉంటుంది. ద కాన్వర్సేషన్ ప్రతి వ్యాసం పక్కనా పునఃప్రచురణ బొత్తాం పెట్టింది. నొక్కితే అతికించుకోవడానికి సిద్ధంగా ఉన్న పాఠం, దానితో పాటే ఎంతమంది చదివారో లెక్కించే చిన్న సాధనం వస్తాయి. గ్లోబల్ వాయిసెస్ కథనాలను పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు. ఇవన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల మీద, అంటే అడగనక్కర్లేకుండా ముందే అనుమతి ఇచ్చేసే సిద్ధపు షరతుల మీద, నడుస్తున్నవి. 2002లో వచ్చిన ఆ లైసెన్సుల్లో "మార్పులు వద్దు" అన్న రకం ఎంచుకుంటే అనువాదాన్ని పంచుకోవడం కూడా కుదరదని మాత్రం గుర్తుంచుకోండి. పెద్ద భాషల్లో వచ్చిన మంచి కథనాన్ని చిన్న భాషలోకి తేవాలనుకునేవారికి అక్కడే దారి ఆగిపోతుంది. అనువాదానికి విడిగా ఒక వాక్యం రాయండి. అనువాదకుడి పేరు, అసలు లింకు, అనువాదంలో తప్పులకు బాధ్యత తనదేనన్న ప్రకటన అడగండి. ఇస్తారు.

చూపు లేని పాఠకుల విషయంలో మాత్రం నేను అభ్యర్థించడం లేదు, గుర్తుచేస్తున్నాను. 2013 జూన్‌లో కుదిరి, 2016 సెప్టెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చిన మరాకేష్ ఒప్పందం, దానిలో చేరిన దేశాల్లో, గుర్తింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు వాళ్లు చదవగలిగే రూపంలో ప్రతులు తయారుచేసి ఇవ్వడానికి హక్కుదారు అనుమతి అవసరం లేకుండా చేసింది. అది అక్షర రూపంలో ఉన్న రచనలన్నిటి గురించీ చెబుతుంది, పుస్తకాల గురించి మాత్రమే కాదు. వార్తా కథనం కూడా రచనే. అయినా మీలో కొందరు కథనాన్ని బొమ్మగా మార్చి పెడుతున్నారు, నకలు తీయకుండా. దొంగ ఆ బొమ్మనే దాచుకుని పంపేస్తాడు. చూపు లేని మనిషికి మాత్రం అక్కడ ఖాళీ పేజీ వినిపిస్తుంది.

చివరగా, అడిగినదానికి జవాబు. వార్తకు ఆయుష్షు తక్కువ కాబట్టి అనుమతికి రెండు పనిదినాల గడువు పెట్టుకోండి. కాదనండి, ఫరవాలేదు. ఇంత రుసుము అని చెప్పండి, కట్టగలిగితే కడతాం, లేకపోతే లింకుతో సరిపెట్టుకుంటాం. ఏదీ చెప్పకుండా ఉండిపోతే నిజాయితీగా అడిగినవాళ్లమే ఆగిపోతాం. అడగనివాళ్లు ఈపాటికి పంపేసి ఉంటారు.

ఈ లేఖను మీరు మీ సంస్థల్లో పూర్తిగా గానీ, కొంత గానీ పంచుకోవచ్చు, అనువదించుకోవచ్చు. నా అనుమతి అడగనక్కర్లేదు. సవరణ ఏదైనా చేయాల్సివస్తే ఇదే చోట, తేదీతో సహా చేస్తాను.

ఇట్లు,
తొమ్మిదేళ్లుగా మీ కథనాలకు పాఠకులను వెతికిపెడుతున్న ఒక గ్రంథాలయ ఉద్యోగి